రోజువారీ ప్రామ్: పది వారాల పరీక్ష డైరీ

మొదటి రోజు

పాపకి ఏడో నెల వచ్చింది. బరువు ఏడు కిలోలు దాటింది. ఎత్తుకుని పావుగంట నడిచేసరికి నా ఎడమ మణికట్టు లాగేస్తోంది. ప్రామ్, అంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి, కొనడం ఇంక వాయిదా వేయలేదు. ఖరీదైనది కాదు, ఉన్నవాటిలో దాదాపు అడుగున ఉన్న ధరది. రోజూ సాయంత్రం బయటికి తీసుకెళ్లడానికి, అప్పుడప్పుడు పని మీద వెంట తీసుకెళ్లడానికి అది చాలు.

అయితే ధర తగ్గిందంటే తయారుచేసినవాళ్లు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకునే ఉంటారు. ఎక్కడ తగ్గించారన్నది పాపని కూర్చోబెట్టకముందే నాకు తెలియాలి. ఈ డైరీ మొదలుపెట్టింది అందుకే.

నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు నేను సరిచేసుకోగలిగేవి: చక్రం కిర్రుమనడం, గుడ్డ వదులుగా ఉండటం, కింది బుట్ట జారడం లాంటివి. కుడివైపు నా చేతిలో లేనివి: బ్రేకు, మడత లాకు, బెల్టు, బండి ఒరిగిపోయే గుణం. ఎడమవైపు పది లోపాలున్నా సర్దుకుంటాను. కుడివైపు ఒక్కటి తప్పినా బండి తిరిగి వెళ్లిపోతుంది. మా ఆయనకి ఈ లెక్క ముందే చెప్పాను, పెట్టె చింపకుండా జాగ్రత్తగా విప్పమని కూడా.

బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తూకం మిషన్ మీద ప్రామ్ పట్టుకుని ఒకసారి, వట్టిగా ఒకసారి నిలబడ్డాను. తేడా 7.4 కిలోలు. పెట్టె మీద 6.8 అని ఉంది. పైనున్న గొడుగు, ముందు ట్రే తీసేసి మళ్లీ తూచితే సరిగ్గా 6.8 వచ్చింది. మెట్లెక్కేటప్పుడు మన చేతికి తెలిసే బరువు మాత్రం 7.4.

రెండో రోజు

పాపకి బదులు ఒక బరువు బొమ్మ తయారుచేశాను. లీటరు నీళ్ల సీసాలు తొమ్మిది తీసుకుని, ఆరు నిలువుగా, మూడు అడ్డంగా పెట్టి, దుప్పట్లో బిగించి చుట్టి తాడుతో కట్టేశాను. లీటరు నీళ్లంటే కిలో, అంటే మొత్తం తొమ్మిది కిలోలు. పాప ఇంకో మూడు నాలుగు నెలల్లో ఉండబోయే బరువు. బండి ముందు దీన్ని మోయాలి, తర్వాతే పాపని.

బెల్టు ఐదు చోట్ల పట్టేది. భుజాల మీద రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి. ఈ ఐదోది లేకపోతే పిల్లలు కిందికి జారతారు, నడుము బెల్టు గొంతు దాకా వచ్చేస్తుంది. కొనేటప్పుడు నేను మొదట చూసింది దీన్నే.

బకిల్ నొక్కడానికి నా బొటనవేలికే బలం కావాలి. మంచిదే, పాప వేళ్లకి అది సాధ్యం కాదు. కుట్లు దగ్గరగా పెట్టి చూశాను. బెల్టు సీటుకి కలిసే చోట చతురస్రం కుట్టి, లోపల అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టారు. దారం ఎక్కడా తెగలేదు, కుట్టు దాటలేదు.

ఒక్క దగ్గర ఆగాను. కుడి భుజం బెల్టుని గట్టిగా ఇరవై సార్లు లాగితే సర్దుబాటు క్లిప్పులోంచి రెండు సెంటీమీటర్లు జారింది. ఎడమది జారలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దొరికింది. ఎడమదాని కొస క్లిప్పు మధ్య కడ్డీ మీదుగా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి దూరింది. కుడిదాన్ని ఒక్కసారే దూర్చి వదిలేశారు. ఊడదీసి, ఎడమదానిలాగే రెండో చుట్టు వేశాను. మళ్లీ ఇరవై సార్లు లాగాను, కదల్లేదు. ఇంతకీ ఇది కంటికి కనపడే తప్పు కాదు. లాగి చూడకపోతే పాప ముందుకి వంగిన ప్రతిసారీ కాస్త కాస్త వదులయ్యేది.

నాలుగో రోజు

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

పిల్లల బళ్లకి యూరప్‌లో ఈఎన్ 1888 అనే ప్రమాణం ఉంది. అందులో బ్రేకు వేసిన బండిని 9 డిగ్రీల వాలు మీద పెట్టి చూస్తారు, ఒరిగిపోతుందా లేదా అన్నది 12 డిగ్రీల మీద చూస్తారు. ప్రయోగశాల నా దగ్గర లేదు గానీ, 120 సెంటీమీటర్ల పొడవున్న ప్లైవుడ్ చెక్క ఉంది. దాని ఒక చివర 19 సెంటీమీటర్లు ఎత్తితే 9 డిగ్రీలు, 25 ఎత్తితే 12 డిగ్రీలు. పాత పుస్తకాల కట్టలు కింద పెట్టి, టేపుతో కొలిచి నిలబెట్టాం. చెక్క జారకుండా కింద రబ్బరు చాప వేశాం.

తొమ్మిది కిలోల బొమ్మని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, బండి ముఖం వాలు దిగువకి ఉండేలా నిలిపాను. బ్రేకు పెడల్ తొక్కాను. టక్కుమంది. చేతులు మెల్లగా వదిలాను. మా ఆయన కింద రెండు చేతులూ చాచి కూర్చున్నారు.

రెండు సెకన్లు ఆగింది. తర్వాత కుడి వెనక చక్రం తిరిగింది. ఎడమది ఆగే ఉంది. దాంతో బండి మొత్తం ఎడమ చక్రం చుట్టూ గిర్రున పక్కకి తిరిగి, చెక్క అంచు దాకా వచ్చింది. ఆయన పట్టుకున్నారు. సీటులో ఉన్నవి నీళ్ల సీసాలే అని తెలిసినా నాకు గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది.

బండి బోర్లా పెట్టి చూశాను. పెడల్ తొక్కితే రెండు వైపులా ఒక్కో ఇనప పిన్ను బయటికి వచ్చి, చక్రం లోపలున్న పళ్ల మధ్య దూరాలి. చక్రం ఏ స్థితిలో ఆగితే పిన్ను ముందు పన్ను ఉంటుందో, ఖాళీ ఉంటుందో చెప్పలేం. పన్ను అడ్డొస్తే పిన్ను దాని మీద ఆనుకుని ఆగిపోతుంది, చక్రం కొంచెం కదిలాకే లోపలికి పడుతుంది. ఈ రకం బ్రేకులన్నిటికీ ఈ గుణం ఉంటుంది. అందుకే పెడల్ తొక్కాక బండిని అంగుళం ముందుకీ వెనక్కీ కదిపి, రెండు చక్రాలూ బిగిశాయో లేదో చూడాలి. కానీ మా కుడి చక్రంలో జబ్బు వేరే. టార్చి వేసి చూస్తే రెండు పళ్ల కొసలు అచ్చులోనే సగం సగం వచ్చాయి. పిన్ను పట్టినట్టే పట్టి, బరువు పడగానే ఆ సగం పన్ను మీద నుంచి జారిపోతోంది.

ఖాళీ బండితో ఎన్నిసార్లు చేసినా ఇది బయటపడలేదు. చదునైన నేల మీద బొమ్మతో చేసినా పడలేదు. బరువూ వాలూ రెండూ కలిస్తేనే పడింది.

కుడివైపు గడిలో ఎర్ర పెన్నుతో రాశాను. ఫొటోలు, చిన్న వీడియో తీసి అమ్మినవాళ్లకి పంపాను.

ఆరో రోజు

చక్రం మారుస్తామన్నారు. మార్చిన తర్వాత పరీక్ష నెగ్గకపోతే బండే వెనక్కి ఇస్తానని చెప్పాను, ఒప్పుకున్నారు. పాపని ఇంకా కూర్చోబెట్టలేదు. అత్తయ్య రోజూ అడుగుతున్నారు, "ఇంకా ఎన్నాళ్లమ్మా, పిల్ల ఆ బండి వంకే చూస్తోంది" అని. వీడియో చూపించాను. తర్వాత అడగలేదు.

తొమ్మిదో రోజు

కొత్త చక్రం వచ్చింది. బిగించకముందే పళ్లన్నీ వేలితో తడిమాను, అన్నీ నిండుగా ఉన్నాయి. మళ్లీ వాలు, మళ్లీ తొమ్మిది కిలోలు. ముఖం కిందికి పెట్టి పదిసార్లు, పైకి పెట్టి పదిసార్లు. ప్రతిసారీ చక్రాన్ని వేరే స్థితిలో ఆపి బ్రేకు వేశాను. ఇరవైకి ఇరవై ఆగింది. తర్వాత సీసాలు పదిహేనుకి పెంచి ఇంకో పదిసార్లు చేశాను. పెట్టె మీద రాసిన గరిష్ఠ బరువు 15 కిలోలే. ఆగింది.

ఇక ఒరిగిపోవడం. రోజువారీ వాడకంలో అందరం చేసే పని ఒకటుంది, హ్యాండిల్‌కి సంచి తగిలించడం. ఎంత బరువుకి బండి వెనక్కి పడుతుందో చూద్దామని సీసాలు ఒక్కోటీ సంచిలో వేస్తూ పోయాను. చదునైన నేల, సీటు నిటారుగా, బొమ్మ కూర్చుని ఉంటే తొమ్మిదో సీసాకి ముందు చక్రాలు లేచాయి. సీటు వెనక్కి వాల్చితే ఆరో సీసాకే లేచాయి. బొమ్మని తీసేస్తే నాలుగో సీసాకి. అంటే అంత బరువు సంచి తగిలించి ఉండగా పాపని ఎత్తుకున్నామా, బండి అప్పటికప్పుడు వెనక్కి పడుతుంది.

తర్వాత 12 డిగ్రీల వాలు మీద ముఖం పైకి పెట్టి, సీటు వాల్చి చూశాను. సంచి లేకుండా నిలబడింది. ఒక్క లీటరు సీసా తగిలించాను, పడిపోయింది. నేల మీద ఆరు సీసాలు మోసిన బండి, వాలు మీద ఒక్కదానికే పడింది. ఎక్కేటప్పుడు బరువు కేంద్రం వెనక ఇరుసు మీదికి వచ్చేస్తుంది, హ్యాండిల్ ఇంకా వెనక్కి పోతుంది. లెక్క ప్రకారం అంతే అవ్వాలి. అయినా కళ్లతో చూస్తే గానీ నాకు దాని సంగతి పూర్తిగా అర్థం కాలేదు.

సామాను కింది బుట్టలోనే. హ్యాండిల్‌కి ఏమీ తగిలించకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆయన హ్యాండిల్ కొక్కేలు రెండూ ఊడదీసి అటక మీద పెట్టేశారు.

రెండో వారం

పాప మొదటిసారి కూర్చుంది. భుజం బెల్టుకీ ఎముకకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంచాను. మొదటి పది నిమిషాలు కదలకుండా చెట్ల వంకే చూసింది. తర్వాత ముందున్న ట్రేని రెండు చేతులతో కొట్టడం మొదలుపెట్టింది. ఆ పూట నోటుబుక్కు తీయలేదు.

రెండో వారం, మూడు రోజుల తర్వాత

ఎడమవైపు గడి నిండుతోంది.

బండి కుడికి లాగుతోంది. వరండాలో తిన్నగా తోసి వదిలితే ఐదు మీటర్లలో 40 సెంటీమీటర్లు పక్కకి పోయింది. చక్రాలు ఒక్కోటీ పైకెత్తి తిప్పాను. కుడి ముందు చక్రం రెండు చుట్లకే ఆగిపోతోంది, మిగతావి ఆరేడు తిరుగుతున్నాయి. ఊడదీస్తే ఇరుసు దూరే రంధ్రం అంచున, అచ్చు పోసినప్పుడు మిగిలిపోయిన సన్నని ప్లాస్టిక్ పొర ఉంది. గోరంత కూడా లేదు. గరుకు కాగితంతో రుద్దేశాను. ఇప్పుడు ఐదు మీటర్లకి పది సెంటీమీటర్లు. ఇది చాలు.

కాస్త వేగంగా నడిస్తే ముందు చక్రాలు రెండూ టపటపా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. అన్ని వైపులకీ తిరిగే చక్రాలకి పైన తిరిగే పిన్ను వదులైతే వచ్చే జబ్బు ఇది. పిన్ను మీదకి పలచని ప్లాస్టిక్ వాషర్ ఒకటి తొడిగాను. కొట్టుకోవడం తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, నా మామూలు నడకకి లేదు.

చక్రాలు గాలి టైర్లు కావు, గట్టి ఫోమ్‌వి. పంక్చర్ ఉండదు. అయితే గతుకుల మీద కుదుపు మొత్తం సీటుకి వస్తుంది. రాళ్ల దారి వస్తే వేగం తగ్గించడం తప్ప దీనికి వేరే మందు లేదు. రోజూ గతుకుల రోడ్డే అయితే ఈ ధరలో ప్రామ్ కొనమని ఎవరికీ చెప్పను.

నాలుగో వారం

మడత. గొడుగులా మడిచే పిల్లల బండిని 1965లో బ్రిటన్‌లో ఓవెన్ మెక్లారెన్ రూపొందించారు. ఆయన విమానాల ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల భాగం మీద పనిచేసినవారు. తేలికైన అల్యూమినియం గొట్టాలూ, మడతపడే కీళ్లూ ఆయనకి అలవాటైన పని. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదానిలో కూడా అదే ఆలోచన కనపడుతుంది. ఐదు కీళ్లు, పది గొట్టాలు, మడిస్తే చంకలో పట్టుకునేంత కట్ట.

కీళ్లున్న చోటే వేళ్లకి ప్రమాదం. 2009లో అదే మెక్లారెన్ కంపెనీ అమెరికాలో దాదాపు పది లక్షల బళ్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. బండి తెరిచేటప్పుడు పక్క కీలులో పడి పిల్లల వేలి కొసలు తెగిన ఘటనలు పన్నెండు నమోదయ్యాయి. పేరున్న కంపెనీ బండికే అలా జరిగిందంటే, ధరని బట్టి ఊరుకోవడానికి లేదు.

మా బండి కీళ్ల మీద ప్లాస్టిక్ తొడుగులు ఉన్నాయి. పెన్సిల్ తీసుకుని ప్రతి సందులో దూర్చి చూశాను. పెన్సిల్ మందం సుమారు 7 మిల్లీమీటర్లు. పెన్సిల్ దూరి, నా వేలు దూరని సందే పిల్లల వేలు ఇరుక్కునే సందు. అలాంటిది ఒక్కటి దొరికింది, ట్రే బిగించే చోట, సీటు గొట్టం పక్కన. అది కదిలే భాగం కాదు, వేలు నలగదు గానీ ఇరుక్కోవచ్చు. ట్రే తీసేశాం. ఎలాగూ పాప దాన్ని కొట్టడానికే వాడుతోంది. బరువూ తగ్గింది.

లాకులు రెండున్నాయి, అసలుది ఒకటి, అది జారినా పట్టుకునే కొక్కెం ఇంకొకటి. బండి తెరిచాక అసలు లాకు పడి కొక్కెం పడకపోతే తేడా కంటికి తెలియదు. హ్యాండిల్ పట్టుకుని కిందికి గట్టిగా అదిమితే తెలుస్తుంది. కొక్కెం పడకపోతే మధ్యలో రవ్వంత కుంగుతుంది. అసలు లాకుని కావాలని వదిలేసి, బొమ్మతో పదిసార్లు అదిమి చూశాను. కొక్కెం ఒక్కటే బరువంతా ఆపింది.

తెరిచేటప్పుడూ మడిచేటప్పుడూ పాప వేరేవాళ్ల చేతిలో ఉండాలి, లేదా గది అవతల ఉండాలి. నేను పెట్టిన నియమాల్లో అన్నిటికంటే కఠినమైనది ఇదే.

మడవడానికి రెండు చేతులూ ఒక కాలూ కావాలి. పాపని చంకనేసుకుని ఒక్కదాన్నే మడవలేను. ధర తగ్గిన చోట్లలో ఇదొకటి. అత్తయ్యకి నడుము వంగదు, కింది కొక్కెం ఆవిడకి అందదు. ఆవిడ తీసుకెళ్లిన రోజు మేం తెరిచి ఇస్తాం, వచ్చాక మేమే మడుస్తాం.

హ్యాండిల్ ఎత్తు మారదు. నాకు సరిపోయింది. మా ఆయన పొడుగు, అడుగు వేస్తే బూటు వెనక ఇరుసుకి తగులుతోంది. చేతులు చాచి, చిన్న అడుగులేస్తూ తోస్తున్నారు. దూరం నడవాల్సొస్తే నేనే తోస్తాను.

ఆరో వారం

ఎండ. పైనున్న గొడుగు ముఖానికి నీడ ఇస్తుంది, కాళ్లకి ఇవ్వదు. పలచటి గుడ్డ కప్పితే సరిపోతుంది కదా అనిపిస్తుంది ఎవరికైనా. బొమ్మ పక్కన థర్మామీటర్ పెట్టి చూశాను. గుడ్డ లేకుండా 31 డిగ్రీలు. ముందువైపంతా పలచటి పొడి గుడ్డ కప్పిన ఇరవై నిమిషాలకి 35. లోపల గాలి ఆడదు. పైగా లోపలున్న బిడ్డ మనకి కనపడదు. చెమట పట్టిందో లేదో, మెడ ఎలా వాలిందో ఏమీ తెలియదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో వెలువరించిన పరిశోధన కూడా పొడి గుడ్డ కప్పితే లోపల వేడి పెరుగుతుందనే చెప్పింది. వాళ్లకి తడి గుడ్డతో మాత్రం వేడి తగ్గింది.

నేను గుడ్డ జోలికే పోలేదు. బయటికెళ్లే సమయం మార్చాను. హ్యాండిల్‌కి బిగించే చిన్న గొడుగు మా ఆయన తెచ్చారు గానీ, గాలికి అది బండినే పక్కకి లాగుతోంది. తిరిగి ఇచ్చేశాం.

ఏడో వారం

చెల్లికి వచ్చే నెల కాన్పు. "నీ ప్రామ్ నెల పిల్లకి పనికొస్తుందా అక్కా?" అని అడిగింది. ఇవ్వాలనే ఉంది, కానీ ఇవ్వలేను. ఈ సీటు చివరి మెట్టు దాకా వాల్చి ఫోన్‌తో కొలిచినా, కూర్చునే భాగానికీ వీపు ఆనే భాగానికీ మధ్య కోణం 140 డిగ్రీలే చూపిస్తోంది. పుట్టినప్పటి నుంచి వాడే సీటుకి యూరప్ ప్రమాణం కనీసం 150 అడుగుతుంది. నెలల పిల్లలకి మెడ నిలవదు. వాలి కూర్చుంటే తల ముందుకి వేలాడి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది. పూర్తిగా చదునుగా పడుకునేది తీసుకోమన్నాను. అసలు ప్రామ్ అంటే అదే, కూర్చునేది స్ట్రోలర్. మన మాటల్లో రెండూ ప్రామే అయిపోయి ఈ తేడా మరుగున పడింది. మా పెట్టె మీద "ఆరు నెలల నుంచి" అని స్పష్టంగానే రాశారు.

బిడ్డకి మెడ నిలిచి, ఆసరాతో కూర్చోగలిగాక ఇదే బండి ఇస్తానని చెప్పాను. అప్పటికి మా పాప నడుస్తూ ఉండొచ్చు.

ఎనిమిదో వారం

సీటు గుడ్డ ఉతికాను. ఊడదీసే ముందు ప్రతి బటనూ, ప్రతి బెల్టు దారీ ఫొటో తీసుకోవడం మంచి పనైంది. లేకపోతే మళ్లీ తొడగలేకపోయేదాన్ని. బెల్టులు నానబెట్టలేదు, సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాను. తొడిగాక భుజం బెల్టుకి ఆ రెండో చుట్టు వేశానో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

వెనక చక్రం కిర్రుమంటోంది. తీస్తే ఇరుసుకి నా జుట్టే చుట్టుకుని ఉంది. కత్తెరతో తీసి, సిలికాన్ స్ప్రే కొట్టాను. నూనె వేస్తే దుమ్ము పట్టి ముద్ద కడుతుంది.

పదో వారం

పాప ఇప్పుడు 8.3 కిలోలు. మంచం పట్టుకుని లేచి నిలబడుతోంది. ప్రామ్‌లో కూడా మోకాళ్ల మీద లేవాలని చూస్తోంది, నడుము బెల్టు ఆపుతోంది. భుజాలు మొదటి రంధ్రం దాటాయి. భుజం బెల్టులు రెంటినీ రెండో రంధ్రంలోకి మార్చాను. మార్చాను కాబట్టి లాగే పరీక్ష మళ్లీ చేశాను, చెరో ఇరవై. జారలేదు.

చెక్క మళ్లీ దించి బ్రేకు పరీక్ష కూడా చేశాను. దాదాపు ఎనిమిది వారాల వాడకం తర్వాత, పదిహేను కిలోలతో, 9 డిగ్రీల మీద ఇరవైకి ఇరవై. కొత్త చక్రం పళ్ల మీద పిన్ను రాసుకున్న గీతలు పడ్డాయి, అరగలేదు. ముందు చక్రాల ఫోమ్ మాత్రం బయటి అంచున అరిగింది, ఎడమది కుడిదానికంటే ఎక్కువ. వచ్చే నెల రెంటినీ అటూ ఇటూ మార్చాలి. ఎడమ కీలు రివెట్ దగ్గర కొత్తగా కొంచెం కదలిక తెలుస్తోంది. ఇప్పటికి వేలికి తెలిసేంతే. తెల్ల పెయింటుతో దాని అంచున సన్నని గీత పెట్టాను. ఆ గీత పగిలిందో లేదో ఆదివారం ఆదివారం చూస్తాను. పగిలితే అది కుడివైపు గడిలోకి వెళ్తుంది.